మన పరిచయ వేదిక ఫారం వెనుక నూట నలభై ఏళ్లు

ఇది కాస్త పెద్ద పోస్టు. ఆఫీసు హడావిడిలో కాకుండా ఆదివారం కాఫీ తాగుతూ చదవండి.

మన సంఘం పరిచయ వేదికకు కొత్త బయోడేటా ఫారం తయారవుతోంది కదా. పెళ్లయి విడిపోయినవాళ్లకు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లకు వేరే ఫారం పెట్టి వేరే రోజు పిలవాలా, అందరితో పాటే కూర్చోబెట్టాలా అని గ్రూపులో మూడు రోజులు వాదన నడిచింది. "మన ఇళ్లల్లో విడాకులు, మారు పెళ్లిళ్లు ఎరగం. ఇదంతా ఈ ఐటీ కంపెనీలు వచ్చాక అంటుకున్న తెగులు" అని ఒక పెద్దాయన రాశారు. చాలామంది దండం బొమ్మ పెట్టారు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. కానీ ఆ "ఎరగం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎరగమా, మరిచిపోయామా?

ముందు మనం ఉంటున్న ఈ ఊరి సంగతి చూద్దాం. 1894లో మైసూరు సంస్థానం ఒక చట్టం చేసింది. ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయకూడదు. యాభై దాటిన మగవాడు పద్నాలుగేళ్లు నిండని పిల్లను చేసుకోకూడదు. అంతే చట్టం. మళ్లీ చదవండి: ఎనిమిదేళ్లు. పద్దెనిమిది కాదు. ఈ మాత్రానికే ధర్మం మంట కలిసిపోతోందని సంస్థానంలో గగ్గోలు పుట్టింది. అప్పటి దివాను కె. శేషాద్రి అయ్యర్, మహారాజు పదో చామరాజేంద్ర ఒడెయరు. ఆ ఏడాది డిసెంబరులోనే మహారాజు కలకత్తాలో కన్నుమూశారు. బెంగళూరుకు హెసరఘట్ట నుంచి కొళాయి నీళ్లు రావడం, శివనసముద్రం నుంచి కరెంటు తేవాలన్న ఆలోచన, ఇవన్నీ శేషాద్రి అయ్యర్ కాలంవే. 1905లో వీధి దీపాలు వెలిగేనాటికి ఆయన లేరు గానీ ఆ పని మొదలుపెట్టించింది ఆయనే. శేషాద్రిపురం గుండా వెళ్లేవాళ్లు ఆ పేరు ఎవరిదో ఒకసారి తలుచుకోండి.

చట్టం ఎప్పుడూ ఉన్నదాన్ని చూసే వస్తుంది. ఏడేళ్ల పిల్లకు పెళ్లి చేయకూడదని రాజు శాసనం చేయాల్సి వచ్చిందంటే ఏడేళ్ల పిల్లలకు పెళ్లిళ్లు జరుగుతున్నాయనే. యాభై దాటిన పెళ్లికొడుకుల గురించి వేరుగా ఒక మాట రాయాల్సి వచ్చిందంటే వాళ్లకూ కొదవలేదన్నమాట.

మన తెలుగు జిల్లాల్లో ఎలా ఉండేదో లెక్కలతో సహా తెలుసు. "కన్యాశుల్కం" నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. సినిమా చూసినవాళ్లకు గిరీశం గుర్తుంటాడు. కానీ గురజాడవారు మొదటి ముద్రణకు ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాట చదివినవాళ్లు తక్కువ. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా రాయించారు. మూడేళ్లలో తేలినవి 1034. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదుర్చుకోవడం ఉందని గురజాడవారే రాశారు.

అప్పుడు డబ్బు ఎటు నుంచి ఎటు పోయేదో గమనించారా? వరుడి వైపు నుంచి పిల్ల తండ్రికి. ఇంకో తరం గడిచేసరికి అది తిరగబడింది. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం, వకీలు ప్లీడరు గిరాకీ వచ్చాక పెళ్లికొడుకు వెల పెరిగింది. కాళ్లకూరి నారాయణరావుగారు "వరవిక్రయం" నాటకం రాశారు. 1939లో అది సినిమాగా వచ్చినప్పుడే భానుమతి తెరకు పరిచయమైంది. కన్యాశుల్కం, వరవిక్రయం, ఒక్క జీవితకాలంలో ఈ రెండు పేర్లూ చాలు. పిల్లను అమ్మడం ఆచారం అన్నవాళ్ల మనవలే పిల్లాణ్ని అమ్మడం ఆచారం అన్నారు. రెండుసార్లూ "తరతరాల నుంచి ఉన్నదే" అన్నారు.

వరకట్నం మీద ఆంధ్రప్రదేశ్ 1958లోనే చట్టం చేసింది. దేశమంతటికీ 1961లో వచ్చింది. ఆ చట్టం చేసిన రోజు నుంచి మనం "కట్నం" అన్న మాట మానేశాం, ఇవ్వడం మానలేదు. "లాంఛనాలు" అన్నాం, "పసుపు కుంకుమ" అన్నాం, ఇప్పుడు "పిల్ల పేరు మీద సర్జాపూర్ రోడ్డులో టూ బీహెచ్‌కే బుక్ చేశాం" అంటున్నాం. ఆ ఫ్లాటు ఈఎంఐ మాత్రం పిల్ల జీతంలోంచే కడుతుంది. దీన్ని ఏ శుల్కం అనాలో గురజాడవారు ఉంటే చెప్పేవారు.

ఇక మారు పెళ్లి సంగతి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించారు. నాలుగు రోజుల తిరక్కుండా రెండోది. ఇది స్కూల్లో అందరం చదివాం. చట్టం అప్పటికే ఉంది, 1856లోనే వచ్చింది, బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడి తెప్పించారు. పాతికేళ్లు ఆ చట్టం మన వైపు కాగితం మీదే పడుకుంది. మైసూరులో రాజు చట్టంతో మొదలైంది, గోదావరి ఒడ్డున చట్టం చేతిలో పెట్టుకుని కూడా ఒక బడిపంతులు ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది.

నాకు ఈ కథలో వీరేశలింగంగారి కంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఎక్కువ కనిపిస్తారు. వెలి వేశాక వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఊళ్లో బంధువులు, ఇరుగుపొరుగు ముఖం చాటేశారు. గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లివారికి, వచ్చిన పిల్లలకు వండి పెట్టింది ఆవిడే. ఉపన్యాసం ఇచ్చినవాళ్ల పేరు చరిత్రలో ఉంటుంది, బిందె మోసినవాళ్ల పేరు రెండో వాక్యంలో ఉంటుంది. ఆవిడకు పెళ్లయినప్పుడు ఎనిమిదేళ్లో అంతకు కాస్త అటూ ఇటో. తనూ బాల్యవివాహం చేసుకున్న పిల్లే. మొగుడు ఊరందరితో వైరం తెచ్చుకుంటే ఆ వైరం వంటింట్లోకి, నీళ్ల గట్టుకు వస్తుంది. అక్కడ దాన్ని మోసింది ఆవిడ.

పైడా రామకృష్ణయ్యగారనే కాకినాడ వ్యాపారి డబ్బు సాయం చేశారు. ఆయన లేకపోతే ఆ పెళ్లిళ్లు జరిగేవా అన్నది అనుమానమే. సంఘాల్లో పనిచేసేవాళ్లకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఉద్దేశం ఎంత గొప్పదైనా హాలు అద్దె ఎవరో కట్టాలి.

అయితే వీరేశలింగంగారిని విగ్రహంలా చూడటం కూడా నాకు ఇష్టం లేదు. ఆయన్ను నిలదీసిన ఒక మనిషి మన ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుంది. బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో పుట్టింది, దేవదాసీ కుటుంబం. మైసూరు, బెంగళూరుల్లో సంగీతం నేర్చి మద్రాసు వెళ్లి పెద్ద గాయని అయింది. తంజావూరు కాలం నాటి ముద్దుపళని రాసిన "రాధికా సాంత్వనము" కావ్యాన్ని వీరేశలింగంగారు తన కవుల చరిత్రలో అసభ్యమని తిట్టిపోశారు. నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. మగ కవులు రాస్తే లేని సిగ్గు ఆడది రాస్తే ఎందుకు వచ్చిందని ముందుమాటలో సూటిగా అడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం పోలేదు.

పెళ్లి గురించిన పోస్టులో ఈవిడ ఎందుకు వచ్చిందంటారా? ఆ కాలంలో తెలుగు చదివి, తెలుగులో ముందుమాట రాసి, తన పేరు మీద ఆస్తి ఉంచుకోగలిగిన ఆడవాళ్లలో చాలామంది పెళ్లి అనే వ్యవస్థకు బయట ఉన్నవాళ్లు. లోపల ఉన్నవాళ్లకు చదువూ లేదు, ఆస్తీ లేదు. సంస్కర్తలు ఒక పక్క వితంతువుకు పెళ్లి చేస్తూ ఇంకో పక్క ఈ స్త్రీలను సమాజం నుంచి తుడిచేయాలని చూశారు. దేవదాసీ పద్ధతిలో దోపిడీ ఉంది, అది పోవాల్సిందే. మైసూరు సంస్థానం 1909లోనే తన గుళ్లలో ఆ సేవ ఆపేసింది. కానీ ఆ వృత్తి ఆపినప్పుడు వాళ్ల చదువుకు, సంగీతానికి, భూమికి ఏం దారి చూపించాం అన్న ప్రశ్న నాగరత్నమ్మది. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి మీద గుడి కట్టించింది ఆవిడ సొంత డబ్బుతో. ఏటా ఆరాధనకు అక్కడికి వెళ్లే మన సభ్యులు ఆ సమాధికి ఎదురుగా ఉన్న ఆవిడ సమాధికి కూడా దండం పెట్టి రండి.

మళ్లీ వయసు దగ్గరికి వద్దాం. శారదా చట్టం 1929 సెప్టెంబరులో ఆమోదం పొందింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18. ఈ ఆరు నెలల్లో దేశమంతటా ఏం జరిగిందో తెలుసా? తారీఖు ముంచుకొచ్చేలోపు పిల్లల పెళ్లిళ్లు చేసేద్దామని ఎగబడ్డారు. 1931 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లలోపు పెళ్లయిన పిల్లల సంఖ్య తగ్గాల్సింది పోయి పెరిగింది. మా నాయనమ్మ పెళ్లి ఆ హడావిడిలోదే. తొమ్మిదేళ్లు. ఒకే పందిట్లో ఆవిడకూ, ఆవిడ అక్కకూ, పిన్ని కూతురికీ కలిపి చేసేశారట. "ఎవరి పీట మీద ఎవరిని కూర్చోబెట్టారో మాకే తెలీదు, నిద్ర వస్తోంది" అని నవ్వుతూ చెప్పేది. చెప్పినప్పుడల్లా నవ్వేది. ఆ అక్క పదమూడో ఏట విధవ అయింది. ఆ ముక్క నవ్వకుండా చెప్పేది, అదీ ఎప్పుడో గానీ చెప్పేది కాదు.

చట్టం బ్రిటిష్ ఇండియాకే. గోదావరి జిల్లాలవాళ్లకు పక్కనే ఫ్రెంచివారి యానాం ఉంది. పడవెక్కి అక్కడికి వెళ్లి పిల్లల పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. యానానికి "కల్యాణపురం" అని పేరు పడింది. ఇప్పుడు డెస్టినేషన్ వెడ్డింగు అని గోవా, ఉదయపూరు వెళ్తున్నవాళ్లను చూసి ఆశ్చర్యపోకండి, మనవాళ్లు ఎప్పుడో చేశారు.

ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 అన్న ఇప్పటి లెక్క 1978లో వచ్చింది. 2006లో ఇంకో చట్టం. బాల్యవివాహం మొదటి నుంచీ చెల్లదు అని కర్ణాటక ఇంకో అడుగు ముందుకేసి సవరణ చేస్తే, 2017లో సుప్రీంకోర్టు దాన్ని మెచ్చుకుంది. ఇదంతా అయిపోయిన కథ అనుకునేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5, కర్ణాటకలో 21.3. మన అపార్ట్‌మెంట్లలో పనికి వచ్చే అమ్మాయిలను అడిగితే ఈ అంకెలకు మనుషుల ముఖాలు కనిపిస్తాయి.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. "విడాకులు ఎరగం."

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. కానీ కోస్తా, రాయలసీమ జిల్లాలు అంతకుముందు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కదా. అక్కడ 1949లోనే రెండో భార్యను నిషేధిస్తూ, విడాకులకు వీలు కల్పిస్తూ చట్టం ఉంది. అంటే అనంతపురం, కర్నూలు, గుంటూరు మనిషికి దేశం కంటే ఆరేళ్ల ముందే కోర్టు విడాకులు దొరికాయి. ఐటీ కంపెనీలు ఈ ఊరికి వచ్చింది ఎనభైలలో.

అంతకంటే ముఖ్యమైన మాట. మన తెలుగులో "మారుమనువు" అన్న పదం ఎక్కడి నుంచి వచ్చింది? కన్నడంలో "కూడికె", "ఉడికె" అన్న మాటలు ఎందుకు ఉన్నాయి? వ్యవసాయం, చేతిపనులు చేసుకునే చాలా కులాల్లో పొసగకపోతే కుల పెద్దల ముందు విడిపోవడం, మళ్లీ మనువాడటం మామూలు. ఖర్చులు తిరిగి ఇచ్చి, చీర పెట్టి, నలుగురి ఎదుట మాట చెప్పుకుని ముగించుకునేవారు. 1955 చట్టం కూడా ఈ ఆచార విడాకులను కొట్టేయలేదు, 29వ సెక్షనులో కాపాడింది. కొన్ని కులాలవారు మాత్రమే ఎరగరు. తర్వాత తర్వాత నాలుగు డబ్బులు కూడాక, పట్నం వచ్చాక, మిగిలినవాళ్లు కూడా ఆ కొద్దిమందిని చూసి "మేమూ ఎరగం" అనడం మొదలుపెట్టారు. గొప్పతనం అనుకుని అరువు తెచ్చుకున్న మాట అది. వితంతువుకు బొట్టు చెరపడం కూడా చాలా ఇళ్లల్లోకి అలా అరువు మీదే వచ్చింది.

మేనరికం సంగతి చూడండి. ఉత్తరాదివాళ్లు మేనమామ పెళ్లి అంటే చెవులు మూసుకుంటారు. మనకు అదే మొదటి సంబంధం. చట్టం దగ్గరి రక్తసంబంధాలను నిషేధించి, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మనం కోరుకున్న ఆచారాన్ని చట్టం ఒప్పుకుంటే సంతోషం, మనం మరిచిపోదామనుకున్న ఆచారాన్ని ఒప్పుకుంటే పాశ్చాత్యం అంటాం.

దుర్గాబాయిగారి గురించి చెప్పకుండా ఈ పోస్టు ముగించలేను. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. వయసొచ్చాక ఆ కాపురానికి వెళ్లనన్నారు, ఇంట్లో తండ్రి, తమ్ముడు ఆ మాటకు అండగా నిలిచారు. 1923 కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేదని నెహ్రూగారినే గుమ్మం దగ్గర ఆపిన వాలంటీరు పిల్ల ఈవిడే. జైలుకు వెళ్లారు, చదువుకున్నారు, లాయరయ్యారు, ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారిని పెళ్లి చేసుకున్నారు. ఆయనకు భార్య పోయి నాలుగేళ్లు. ఆవిడ చిన్ననాటి పెళ్లి వదిలి వచ్చినవారు. సాక్షి సంతకం పెట్టినవారిలో నెహ్రూ ఒకరు, ఆ గుమ్మం దగ్గర ఆగిపోయిన నెహ్రూనే.

మన కొత్త ఫారం ప్రకారం అయితే ఆ ఇద్దరినీ ఏ రోజు పిలుస్తాం? వేరే రోజా?

ఆ ఏడాదే ఆవిడ చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చారు. మొగుడూ పెళ్లాల తగాదాను దొంగతనాల, హత్యల కేసుల పక్కన పెట్టి విచారించకూడదు, వేరే కోర్టు కావాలి, నల్లకోటు వాదనల కంటే ముందు కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు ఉండాలి అని నెహ్రూతోనూ న్యాయమూర్తులతోనూ చెప్పారు. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు. ఈరోజు సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల భవనంలోని ఫ్యామిలీ కోర్టుకు వెళ్తే వరండాలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీ వినిపిస్తాయి. బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రులు పిల్లల కంటే ఎక్కువ వణుకుతుంటారు. ఆ భవనం "పాశ్చాత్య ప్రభావం" అనుకునేవాళ్లకు, దాని ఆలోచన ఒక రాజమండ్రి ఆడపడుచుది అని చెప్పండి.

ఆస్తి గురించి కాస్త. మైసూరు సంస్థానం 1933లోనే హిందూ స్త్రీలకు కుటుంబ ఆస్తి పంపకాల్లో వాటా ఇచ్చే చట్టం చేసింది. బ్రిటిష్ ఇండియా కంటే నాలుగేళ్లు ముందు. ఆ తర్వాత పెద్ద అడుగు ఎన్టీఆర్ ప్రభుత్వానిది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు పుట్టుకతోనే కొడుకుతో సమానంగా పిత్రార్జితంలో హక్కు. కర్ణాటకలో 1994 జూలై 30 నుంచి. ఈ రెండు చోట్లా ఒక మెలిక ఉంది, ఆ తారీఖుకు ముందే పెళ్లయిపోయిన కూతురికి హక్కు లేదు. మన సంఘంలోనే అక్కాచెల్లెళ్లు ఉన్నారు, ఒకరికి 1985 మేలో పెళ్లి, ఇంకొకరికి ఆ తర్వాత ఏడాది. ఒకే తండ్రి, ఒకే పొలం, ఒకరికి వాటా, ఒకరికి చీర. 2005 సెప్టెంబరు 9న కేంద్రం సవరణతో ఈ తేడా పోయింది. తండ్రి ఆ రోజుకు బతికి ఉండాలా అన్న గొడవను కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదని. జరిగిపోయిన పంపకాలు, అమ్మకాలు మాత్రం తిరగతోడరు. సంతకం పెట్టమని ఊరి నుంచి అన్నదమ్ములు పిలిస్తే, ఆ కాగితం ఏమిటో చదివి పెట్టండి అక్కలూ. తగాదా పెట్టుకోమని కాదు, చదవమని.

ఇప్పుడు అసలు రోజువారీ బతుకు. మన తల్లిదండ్రుల తరం ఈ ఊరికి చాలావరకు ఫ్యాక్టరీల కోసం వచ్చింది. 1940లో హెచ్‌ఏఎల్, 1948లో ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్. జాలహళ్లిలో, దూరవాణినగర్‌లో క్వార్టర్సు. ఉమ్మడి కుటుంబం విడిపోయింది సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, ఆ రెండు గదుల క్వార్టర్సు వల్ల. అందులో అత్తగారు, ఆడపడుచు, బావగారు పట్టరు. మొదటిసారి మొగుడూ పెళ్లాం ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. సైరను మోగితే ఆయన సైకిలెక్కేవారు, సాయంత్రం సైరనుకు తిరిగొచ్చేవారు. కొందరు ఆడవాళ్లు కూడా గడియారాల ఫ్యాక్టరీకి, టెలిఫోన్ల ఫ్యాక్టరీకి వెళ్లారు. ఆ తరం పెళ్లిళ్లు గట్టిగా నిలబడ్డాయి అంటాం. నిజమే, చాలా నిలబడ్డాయి. కొన్ని నిలబడటానికి కారణం ప్రేమ, కొన్నిటికి కారణం ఆడమనిషికి వెళ్లడానికి ఇంకో ఇల్లు లేకపోవడం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు ఇద్దరూ మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటన్నర నలిగి ఇంటికి వస్తారు. ఇద్దరి జీతం దాదాపు సమానం. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో తేలింది ఇది: ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చేయని మగవాళ్లను ఈ లెక్కలోకి తీసుకోలేదు. నేను ఏడెనిమిది జంటల మధ్య సర్దుబాటుకు కూర్చున్నాను, సంఘం తరఫున, ఇంకో ఇద్దరు పెద్దలతో. అక్రమ సంబంధాలు, తాగుడు ఉన్నవి తక్కువే. ఎక్కువ కేసుల్లో మాట మొదలయ్యేది సింకులో గిన్నెల దగ్గర, పండక్కి ఎవరి ఊరు వెళ్లాలన్న దగ్గర, అమ్మాయి తన తల్లిదండ్రులకు నెలకు ఎంత పంపుతోందన్న దగ్గర. పెళ్లికొడుకు తల్లి "మా వాడికి కాఫీ కలపడం కూడా రాదు" అని ముద్దుగా చెబుతుంది. అది గర్వపడే విషయం కాదమ్మా, ఇంజనీరింగ్ చదివిన పిల్లాడికి పాలు కాచడం రాకపోతే ఎలా అని ఒకసారి అన్నాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

ఇక ఫారం విషయంలో నా ప్రతిపాదన, కార్యవర్గానికి రాసి కూడా ఇచ్చాను. ఒకటే ఫారం, ఒకటే రోజు, ఒకటే హాలు. "గతంలో వివాహం జరిగిందా" అన్న ప్రశ్న అందరికీ ఉండాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలి, కోర్టు డిక్రీ కాపీ ఉంటే జత చేయాలి. దాచడం వేరు, విడిగా కూర్చోబెట్టడం వేరు. జీతం స్లిప్పు అడుగుతున్నాం, జాతకం అడుగుతున్నాం. "వంట, ఇంటిపని ఏమేం వచ్చు" అన్న గడి ఇప్పటిదాకా అమ్మాయిల ఫారంలోనే ఉంది, అది అబ్బాయిల ఫారంలోకి కూడా రావాలి. పెళ్లి కుదిరిన జంటలు రిజిస్ట్రేషను చేయించుకునేలా మనమే దగ్గరుండి చూడాలి. కర్ణాటకలో దానికి 1976 నుంచే చట్టం ఉంది, సుప్రీంకోర్టు 2006లో దేశమంతటా తప్పనిసరి చేయమంది, అయినా వీసా కోసం పరిగెత్తే రోజు దాకా మనవాళ్లకు గుర్తుకు రాదు.

ఇంకో విన్నపం. మీ ఇళ్లల్లో పాత లగ్నపత్రికలు, పెళ్లి ఫొటోలు ఉంటాయి. ఇంట్లో అందరికంటే పెద్ద ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి: పెళ్లినాటికి ఎన్నేళ్లు, డబ్బు ఎవరు ఎవరికి ఇచ్చారు, ఇంట్లో ఎవరైనా మారుమనువు చేసుకున్నారా. పేర్లు అక్కర్లేదు, ఏడాది, ఊరు చాలు. నాకు విడిగా మెసేజ్ పెట్టండి, అన్నీ కలిపి ఉగాది సంచికకు ఒక పట్టిక చేద్దాం. మా ఇంట్లోది ముందే రాసేశాను: 1930, తొమ్మిదేళ్లు, డబ్బు ఇచ్చింది పెళ్లికూతురి తండ్రి, మారుమనువు లేదు, చేసి ఉండాల్సింది నాయనమ్మ వాళ్ల అక్కకు.